నాసిక్ వైన్ టూర్: షిర్డీ నుంచి 90 కిలోమీటర్లే.. ఏం చూడాలి, ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి? కంప్లీట్ గైడ్

షిర్డీ వెళ్తాం, త్రయంబకేశ్వర్ దర్శనం చేసుకుంటాం, తిరుగు రైలు ఎక్కేస్తాం. మనలో చాలామంది నాసిక్ ట్రిప్ ఇంతే. కానీ అదే నాసిక్ చుట్టూ దేశంలోనే పేరున్న వైన్ తోటలు ఉన్నాయన్న సంగతి తెలుసా? ద్రాక్ష తోటల మధ్య నడవొచ్చు. వైన్ ఎలా తయారవుతుందో దగ్గరుండి చూడొచ్చు. డ్యామ్ పక్కన కూర్చుని సూర్యాస్తమయం చూడొచ్చు. మందు ముట్టని వాళ్లకు కూడా ఇక్కడ ఒక రోజు ఇట్టే గడిచిపోతుంది.

అయితే ఒక మాట. ఈ ట్రిప్‌లో సరదా ఎంత ఉందో, తెలియక చేసే తప్పులకు మూల్యం కూడా అంతే ఉంది. టేస్టింగ్ తర్వాత కారు స్టీరింగ్ పట్టుకోవడం, నాలుగు బాటిళ్లు బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్‌లో దిగడం.. ఈ రెండు చోట్లే చాలామంది దొరికిపోతారు. అందుకే ఏం చూడాలన్న దానితో పాటు ఏం చేయకూడదో కూడా ఇందులో చెబుతున్నాం. చివరిదాకా చదవండి, వెళ్లే ముందు సేవ్ చేసుకోండి.

నాసిక్‌లోనే వైన్ ఎందుకు?

నాసిక్ సముద్ర మట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పడమటి కనుమలు పక్కనే. చలికాలంలో పగలు ఎండ బాగా కాస్తుంది, రాత్రి చలి వణికిస్తుంది. పగటి ఎండకు ద్రాక్షలో తీపి పెరుగుతుంది. రాత్రి చలికి పులుపు నిలబడుతుంది. మంచి వైన్‌కి ఈ రెండూ కావాలి. వాన నీరు నిలవకుండా జారిపోయే నేలలు, గోదావరి మీద కట్టిన డ్యామ్‌ల నీళ్లు కూడా తోడయ్యాయి.

నాసిక్ రైతులకు ద్రాక్ష కొత్తేం కాదు. మనం తినే థామ్సన్ సీడ్‌లెస్ లాంటి రకాలు ఇక్కడ దశాబ్దాలుగా పండుతున్నాయి. వైన్ కథ మాత్రం 1990ల చివర్లో మలుపు తిరిగింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదివి, అక్కడ ఉద్యోగం వదిలేసి వచ్చిన రాజీవ్ సామంత్ అనే ఇంజినీర్, తమ కుటుంబ భూమిలో వైన్ ద్రాక్ష వేశారు. వాళ్లమ్మ పేరు సులభ. ఆ పేరు నుంచే 'సులా' వచ్చింది. 2000లో తొలి వైన్ మార్కెట్లోకి వచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్‌కి ప్రత్యేక పాలసీ తేవడంతో చుట్టుపక్కల మరిన్ని వైనరీలు పుట్టుకొచ్చాయి. 2022 డిసెంబర్‌లో సులా కంపెనీ స్టాక్ మార్కెట్లో కూడా లిస్ట్ అయింది. 'నాసిక్ వ్యాలీ వైన్'కి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ కూడా ఉంది.

ఎప్పుడు వెళ్లాలి?

సింపుల్‌గా చెప్పాలంటే జనవరి నుంచి మార్చి మధ్య. అప్పుడే కోతలు. యూరప్‌లో వైన్ ద్రాక్షను ఆగస్టు - అక్టోబర్ మధ్య కోస్తారు. మన దగ్గర మాత్రం చలికాలం చివర్లో కోస్తారు. ఎందుకు?

చలి దేశాల్లో మంచు కురిసే కాలంలో ద్రాక్ష తీగ నిద్రపోతుంది. వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. మన వాతావరణంలో తీగకి ఆ నిద్ర ఉండదు. వదిలేస్తే ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడి రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, అది కొమ్మ గట్టిపడటానికి. వానలు తగ్గాక సెప్టెంబర్ - అక్టోబర్‌లో రెండోది, అది కాపు కోసం. కత్తిరింపు రెండు సార్లు, పంట మాత్రం ఒక్కటే.

నెలల వారీగా చూస్తే ఇలా ఉంటుంది.

జనవరి - మార్చి: తోట నిండా గుత్తులు, వైనరీలో యంత్రాల హడావుడి. చూడటానికి బెస్ట్ టైమ్. వీకెండ్స్‌లో ముంబై, పుణె జనం విపరీతంగా వస్తారు. వీలైతే మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి.

ఏప్రిల్ - మే: ఎండ మండుతుంది. తోటలు బోసిగా ఉంటాయి. వైనరీ లోపలి టూర్ మాత్రం నడుస్తుంది.

జూన్ - సెప్టెంబర్: వాన. కొండలు పచ్చగా, జలపాతాలతో అదిరిపోతాయి. ద్రాక్ష గుత్తులు మాత్రం కనిపించవు. ఇగత్‌పురి వైపు ప్రకృతి చూడాలనుకుంటే ఇదే సీజన్.

అక్టోబర్ - డిసెంబర్: కొత్త చిగుళ్లు, పూత, పిందె. రద్దీ కాస్త తక్కువ. డిసెంబర్ చివరి వారం మాత్రం ఫుల్ రష్.

ఇంకో ముఖ్యమైన విషయం. 2027లో నాసిక్, త్రయంబకేశ్వర్‌లో సింహస్థ కుంభమేళా ఉంది. గత మేళా 2015లో జరిగింది. ఆ సమయంలో హోటళ్లు, రోడ్లు, రైళ్లు అన్నీ భక్తులతో కిటకిటలాడతాయి. వైన్ ట్రిప్ కోసమే అయితే మేళా రోజులు తప్పించి ప్లాన్ చేసుకోవడం మంచిది.

డ్రై డే చూసుకున్నారా?

జనవరి 26 లాంగ్ వీకెండ్ కదా అని బుక్ చేసుకుంటారు. తీరా వెళ్తే ఆ రోజు వైన్ సర్వ్ చేయరు. మహారాష్ట్రలో జనవరి 26, జనవరి 30, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు. కొన్ని పండగలకు, ఎన్నికల పోలింగ్, కౌంటింగ్ రోజులకు కూడా ఇదే రూల్. టికెట్ బుక్ చేసే ముందు వైనరీకి ఒక ఫోన్ కొట్టండి. ఒక్క నిమిషం పని, ట్రిప్ మొత్తం సేఫ్.

ఎలా వెళ్లాలి?

రైలు: తెలంగాణ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా నాసిక్ రోడ్ స్టేషన్‌కి నేరుగా వెళ్తుంది. అజంతా ఎక్స్‌ప్రెస్‌లో అయితే మన్మాడ్‌లో దిగి, అక్కడ నుంచి ముంబై వైపు వెళ్లే ఏదో ఒక రైలు పట్టుకోవచ్చు. ప్రయాణం గంట, గంటన్నర. ఆంధ్ర వైపు నుంచి షిర్డీ కోసం నర్సాపూర్ - నాగర్‌సోల్ రైలు ఎక్కే వాళ్లు, దర్శనం అయ్యాక రోడ్డు మీద నాసిక్ చేరుకోవచ్చు. ఒక చిన్న గమనిక. నాసిక్ రోడ్ స్టేషన్ వేరు, నాసిక్ సిటీ వేరు. మధ్యలో 9 కిలోమీటర్ల దాకా ఉంటుంది. హోటల్ బుక్ చేసేటప్పుడు మ్యాప్ చూసుకోండి.

విమానం: నాసిక్ ఎయిర్‌పోర్ట్ ఓజర్‌లో ఉంది, సిటీకి దాదాపు 20 కిలోమీటర్లు. సర్వీసుల టైమింగ్స్ సీజన్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి ముందే చెక్ చేసుకోండి.

రోడ్డు: ముంబై నుంచి 170 కిలోమీటర్ల లోపే. షిర్డీ నుంచి 90 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సొంత కారులో అయితే దాదాపు 700 కిలోమీటర్లు. ఫ్యామిలీతో ఒక్క రోజులో అంత డ్రైవింగ్ అంటే కష్టమే.

ఏ వైనరీకి వెళ్లాలి?

నాసిక్ చుట్టూ వైనరీలు ఒకే చోట లేవు. మూడు దిక్కుల్లో ఉన్నాయి. ఒక రోజులో మూడు దిక్కులూ తిరగాలనుకుంటే రోడ్డు మీదే టైమ్ అయిపోతుంది. ఒక దిక్కు ఎంచుకోండి.

1. గంగాపూర్ డ్యామ్ వైపు: సిటీకి దగ్గర. సులా, యార్క్, సోమా వైనరీలు ఇటే. ఫస్ట్ టైమ్ వెళ్లే వాళ్లకు ఇదే ఈజీ. సులా పెద్దది, రెస్టారెంట్లు, రిసార్ట్, షాపు అన్నీ ఉంటాయి. 2005లో ఇక్కడ మొదలైన టేస్టింగ్ రూమ్‌తోనే మన దేశంలో వైనరీ టూరిజం ఊపందుకుంది. యార్క్ చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. దాన్ని మొదలుపెట్టిన కుటుంబంలోని ముగ్గురు పిల్లల పేర్ల మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టారు. 2021లో అది సులా చేతికి వచ్చింది.

2. దిండోరి వైపు: సిటీకి ఉత్తరాన, 25 కిలోమీటర్ల దాకా. ఎటు చూసినా ద్రాక్ష తోటలే. బుడగలొచ్చే స్పార్క్లింగ్ వైన్ తయారుచేసే షాందోన్ వైనరీ ఇక్కడే ఉంది. ముందే బుక్ చేసుకుని, కన్ఫర్మేషన్ వచ్చాకే బయల్దేరండి.

3. ఇగత్‌పురి వైపు: ముంబై రూట్‌లో. కొండలు, సరస్సులు, మబ్బులు. వాలొనె అనే చిన్న వైనరీ, గ్రోవర్ జంపా వైనరీ ఈ వైపు ఉన్నాయి. హడావుడి వద్దు, నిదానంగా భోజనం చేసి రావాలి అనుకునే వాళ్లకు ఇది నచ్చుతుంది.

ఏ వైనరీ అయినా సరే, టూర్‌కి, టేస్టింగ్‌కి విడివిడిగా ఫీజు ఉంటుంది. వీకెండ్‌లో ఎంట్రీ టికెట్ కూడా పెట్టే చోట్లు ఉన్నాయి. ఆ రోజు రేటు ఎంతో వైనరీ సైట్‌లో చూసుకుని వెళ్లడమే మేలు.

టూర్‌లో ఏం చూపిస్తారు?

మామూలుగా టూర్ 30 నుంచి 45 నిమిషాలు. గైడ్ హిందీ, ఇంగ్లీష్‌లో చెబుతారు. ముందే కొన్ని విషయాలు తెలిసి ఉంటే బాగా ఎంజాయ్ చేయొచ్చు.

మొదట తోట. మనం తినే ద్రాక్షను పందిరి మీద పాకిస్తారు. వైన్ ద్రాక్షను మాత్రం కంచెలా నిలువుగా, వరసల్లో కట్టిన తీగల మీద పెంచుతారు. పండు చిన్నగా, తొక్క మందంగా, లోపల గింజలతో ఉంటుంది. చప్పగా ఉంటుందేమో అనుకుంటారు కానీ, తినే ద్రాక్ష కంటే తియ్యగా ఉంటుంది. ఆ చక్కెరే తర్వాత ఆల్కహాల్‌గా మారుతుంది. గుత్తి కనిపించింది కదా అని తెంపి నోట్లో వేసుకోకండి. తోటలకు మందులు కొడతారు, పైగా అది రైతు పంట.

తర్వాత క్రషింగ్ ఏరియా. కోత ఎక్కువగా తెల్లవారుజామునే చేస్తారు, ఎండ ఎక్కితే పండు పాడవుతుంది. పండు రాగానే కాడలు వేరు చేసి నలిపేస్తారు. ఇక్కడే వైట్ వైన్, రెడ్ వైన్ దారులు వేరవుతాయి. వైట్ వైన్‌కి రసం మాత్రమే తీసుకుంటారు, తొక్క పక్కన పెట్టేస్తారు. రెడ్ వైన్‌కి తొక్కతో పాటే పులియబెడతారు. ఆ ఎరుపు రంగు, నాలుకని పట్టేసే వగరు రెండూ తొక్క నుంచే వస్తాయి. రసానికి తొక్కని కొద్ది గంటలు మాత్రమే తగలనిస్తే గులాబీ రంగు రోజే వైన్ వస్తుంది.

తర్వాత పెద్ద పెద్ద స్టీల్ ట్యాంకులు. ఈస్ట్ చక్కెరను తింటూ ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ పని జరుగుతుంటే వేడి పుడుతుంది. వేడి ఎక్కువైతే వాసన, రుచి పోతాయి. అందుకే ట్యాంకు చుట్టూ చల్లటి ద్రవం తిప్పుతారు.

చివర్లో ఓక్ చెక్క పీపాలు. కొన్ని రెడ్ వైన్‌లను నెలల తరబడి వీటిలో ఉంచుతారు. ఆ చల్లటి, మసక చీకటి గదిలోనే అందరూ సెల్ఫీలు దిగేది. పీపాల మీద చేతులు వేయొద్దంటే వేయకండి.

స్పార్క్లింగ్ వైన్ అయితే సీసాలోనే రెండోసారి పులియబెడతారు. గ్యాస్ బయటకి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. మూత తీయగానే బుడగలు వచ్చేది అందుకే.

జనవరి, ఫిబ్రవరిలో కొన్ని వైనరీల్లో ద్రాక్షను కాళ్లతో తొక్కే 'గ్రేప్ స్టాంపింగ్' పెడతారు. కంగారు పడకండి, అది పూర్తిగా సరదా కోసం. అసలు వైన్ పని యంత్రాలదే. పిల్లలకు భలే నచ్చుతుంది, బట్టలు మాత్రం పాతవి వేసుకోండి. 2008లో మొదలైన సులాఫెస్ట్ మ్యూజిక్ ఫెస్టివల్ మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025లో మళ్లీ జరిగింది. ఆ రోజుల్లో మామూలు టూరిస్టులకు తోట చూడటం కష్టమే, డేట్స్ చూసుకోండి.

టేస్టింగ్ టేబుల్ దగ్గర

ఇక్కడ తొలిసారి కూర్చునే వాళ్లకు కాస్త బెరుకు ఉంటుంది. పక్కన వాళ్లు గ్లాసు తిప్పుతుంటే మనమూ తిప్పాలా అని. పెద్ద విద్యేం కాదు.

గ్లాసుని కాడ దగ్గర పట్టుకోండి. గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడికి వైన్ వేడెక్కుతుంది. ముందు రంగు చూడండి. మెల్లగా తిప్పి వాసన చూడండి. చిన్న గుక్క నోట్లోకి తీసుకుని రెండు మూడు సెకన్లు ఉంచండి. నచ్చకపోతే పక్కనున్న బకెట్‌లో ఉమ్మేయొచ్చు, మిగిలింది పారబోయొచ్చు. దాన్ని ఎవరూ మర్యాద తక్కువగా చూడరు. ఆ బకెట్ పెట్టింది అందుకే.

నాసిక్‌లో ఎక్కువగా వినిపించే పేర్లు ఇవి. షెనిన్ బ్లాంక్: తేలిక, కొద్దిగా తీపి, మొదటిసారి వాళ్లకు ఓకే. సావిన్యాన్ బ్లాంక్: పులుపు, పచ్చి ఆకుల వాసన. షిరాజ్: ఎరుపు, మిరియాల ఘాటు. కాబర్నే సావిన్యాన్: ముదురు ఎరుపు, వగరు ఎక్కువ. మన కారం కూరలతో వగరు రెడ్ వైన్ తాగితే మంట ఇంకా పెరుగుతుంది. కొద్దిగా తీపి ఉన్న చల్లటి వైట్ వైన్ అయితే కారానికి సర్దుకుంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. 'వైనే కదా, బీరు లాంటిదేలే' అనే మాట చాలామంది అంటారు. టేస్టింగ్‌లో ఒక్కో శాంపిల్ 30 ఎంఎల్ అనుకుందాం. ఐదు శాంపిల్స్ అంటే 150 ఎంఎల్, అంటే ఒక ఫుల్ గ్లాసు. 13 శాతం ఆల్కహాల్ లెక్కన అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 19.5 ఎంఎల్. 5 శాతం ఉండే 330 ఎంఎల్ బీరు సీసాలో ఉండేది 16.5 ఎంఎల్. 30 ఎంఎల్ విస్కీ పెగ్గులో 13 ఎంఎల్ లోపే. అంటే 'కొంచెం కొంచెం రుచి చూశా' అనుకున్న మనిషి, నిజానికి ఒక పెగ్గు విస్కీ కంటే ఎక్కువే తాగినట్టు. ఖాళీ కడుపుతో ఎండలో తిరిగి తాగితే ఇంకా త్వరగా ఎక్కుతుంది. ముందు ఏదైనా తినండి, శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య నీళ్లు తాగండి.

మహారాష్ట్రలో వైన్ తాగడానికి 21 ఏళ్లు నిండాలి. కాలేజీ గ్యాంగ్‌గా వెళ్లే వాళ్లు ఒరిజినల్ ఐడీ కార్డు పట్టుకెళ్లండి.

డ్రైవర్ ఎవరు? ముందే తేల్చుకోండి

ఈ ఆర్టికల్‌లో ఒక్క లైన్ గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. టేస్టింగ్ చేసిన వాళ్లు బండి నడపకూడదు. అంతే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైన చెప్పిన ఐదు శాంపిల్స్‌తోనే, బరువు తక్కువున్న మనిషి ఆ లిమిట్ దాటే అవకాశం ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టండి. వైనరీల దారులు చాలావరకు పల్లె రోడ్లు. చీకటి పడ్డాక ట్రాక్టర్లు, ద్రాక్ష ట్రేలు మోసే టెంపోలు, నడిచి ఇంటికెళ్లే కూలీలు, సైకిళ్ల మీద పిల్లలు అదే రోడ్డు మీద ఉంటారు. మీ సరదాకి వాళ్లకి ఏ సంబంధం లేదు.

సిటీలో రోజంతటికీ టాక్సీ మాట్లాడుకోండి. యాప్ క్యాబ్‌లో వెళ్తే వెళ్లేటప్పుడు దొరుకుతుంది, రాత్రి తిరిగి రావడానికి దొరక్కపోవచ్చు. నలుగురు కలిసి సొంత కారులో వెళ్తే, బయల్దేరే ముందే 'ఈ రోజు తాగని మనిషి' ఎవరో డిసైడ్ చేయండి. అక్కడికెళ్లాక చూద్దాం అంటే ఎవరూ మిగలరు.

బాటిళ్లు ఇంటికి తెచ్చుకోవచ్చా?

వైనరీ షాపులో బాటిళ్లు చూస్తే చేయి ఊరుకోదు. మహారాష్ట్రలో తయారైన వైన్ అక్కడ కాస్త చవకే. కానీ మద్యం మీద చట్టాలు, పన్నులు రాష్ట్రానికో రకం. తెలంగాణలో పన్ను కట్టని బయటి రాష్ట్రాల మద్యాన్ని 'నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్'గా చూస్తారు. గోవా నుంచి వచ్చే రైళ్లు, విమానాల్లో ఎక్సైజ్ వాళ్లు తనిఖీలు చేసి బాటిళ్లు పట్టుకోవడం, కేసులు పెట్టడం మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. 'బిల్లు ఉంది కదా' అంటే సరిపోదు. ఆ బిల్లు అక్కడి పన్నుకి, ఇక్కడి పన్నుకి కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ రూల్స్ మారుతూ వచ్చాయి. తేవాలనుకుంటే మీ జిల్లా ఎక్సైజ్ ఆఫీసులో ముందే అడగండి.

మా సలహా ఏంటంటే, రుచి అక్కడే చూడండి. ఇంటికి ఎండు ద్రాక్ష, నాసిక్ చివ్డా తెచ్చుకోండి. ఇంట్లో అందరూ పంచుకోవచ్చు, బోర్డర్‌లో గుండె దడ ఉండదు. రైల్లో అయితే మరీ జాగ్రత్త. బోగీలో తాగి గొడవ చేస్తే రైల్వే చట్టం సెక్షన్ 145 కింద శిక్ష తప్పదు.

తాగని వాళ్లకు, పిల్లలకు, పెద్దలకు ఏముంది?

చాలానే ఉంది. పైగా తెలుగు వాళ్లకు నాసిక్‌తో ఉన్న బంధం వైన్ కంటే చాలా పాతది.

త్రయంబకేశ్వర్: సిటీకి 30 కిలోమీటర్ల లోపే. జ్యోతిర్లింగ క్షేత్రం. నల్లరాతి గుడి, పీష్వా బాలాజీ బాజీరావు కాలంలో కట్టింది. పక్కనే బ్రహ్మగిరి. మన గోదారి పుట్టిన కొండ. రాజమండ్రిలో ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు కనిపించని నది ఇక్కడ సన్నటి ధార. ఇక్కడి నుంచి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. వైనరీల పక్కనున్న గంగాపూర్ డ్యామ్ కూడా ఈ నది మీదే. గోదావరి జిల్లాల వాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన చోటు.

పాండవ్‌లేణి గుహలు: ముంబై హైవే పక్కన కొండ మీద 24 బౌద్ధ గుహలు. పేరు పాండవులది కానీ చరిత్ర శాతవాహనులది. గౌతమీపుత్ర శాతకర్ణి విజయాలను వర్ణిస్తూ ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం మూడో గుహలో ఉంది. మనం స్కూల్ పుస్తకంలో చదువుకున్న నాసిక్ శాసనం ఇదే. మెట్లు ఎక్కాలి కాబట్టి ఉదయాన్నే వెళ్లండి.

పంచవటి, రామ్‌కుండ్, కాలారామ్ మందిర్: వనవాసంలో సీతారాములు ఉన్న చోటుగా భక్తులు నమ్మే ప్రాంతం. కాలారామ్ గుడికి ఇంకో చరిత్ర కూడా ఉంది. దళితుల ఆలయ ప్రవేశం కోసం 1930 మార్చిలో డాక్టర్ అంబేద్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది ఇక్కడే.

మిసల్ పావ్: మొలకల కూర, పైన ఫర్సాణ్, పక్కన ఎర్రటి కారం రసం. నాసిక్ మిసల్ అంటే మహారాష్ట్ర అంతా పేరు. ఉదయం టిఫిన్‌గా ఇదే లాగించండి. కారం మనకు ఓకే, కడుపు మాత్రం నిండిపోతుంది.

రెండు రోజుల ప్లాన్

మొదటి రోజు: తెల్లారగానే త్రయంబకేశ్వర్ దర్శనం. తిరిగి వస్తూ మిసల్. మధ్యాహ్నం కాస్త రెస్ట్. 3 గంటలకు గంగాపూర్ వైపు వైనరీ టూర్. టేస్టింగ్ ఇష్టమైన వాళ్లు టేస్టింగ్, మిగతా వాళ్లు తోటలో నడక. సాయంత్రం డ్యామ్ నీళ్ల మీద సూర్యాస్తమయం. చీకటి పడేలోపు టాక్సీలో హోటల్‌కి.

రెండో రోజు: ఉదయం పాండవ్‌లేణి గుహలు. తర్వాత పంచవటి, కాలారామ్. మధ్యాహ్నం ఓపిక ఉంటే దిండోరి వైపు తోటల్లో డ్రైవ్, లేదంటే మెయిన్ రోడ్ మార్కెట్‌లో షాపింగ్. రాత్రికి రైలు.

గుడి, వైనరీ ఒకే రోజు పెట్టుకుంటే ముందు దర్శనం, తర్వాతే వైనరీ. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఇబ్బంది ఉండదు.

రైతు మాట మర్చిపోవద్దు

వైనరీలో లైట్లు, మ్యూజిక్, పిజ్జా చూసి ఇదంతా కార్పొరేట్ వ్యవహారం అనుకుంటాం. కానీ ఆ సీసాలో ఉన్న ద్రాక్షలో చాలా భాగం కంపెనీలతో ఒప్పందం ఉన్న రైతుల పొలాల నుంచే వస్తుంది. పూత మీద వాన పడితే బూజు తెగులు. కోతకి ముందు వాన పడితే పండు పగులుతుంది. వడగళ్లు పడితే ఆ ఏడాది లెక్క అయిపోయినట్టే. వైన్ ద్రాక్ష మార్కెట్లో తినడానికి అమ్ముడుపోదు కాబట్టి, కంపెనీ కొనకపోతే రైతుకి వేరే దారి కూడా తక్కువే. దారిలో తోట కనిపిస్తే ఫొటో కోసం లోపలికి దూరకండి, అడిగి వెళ్లండి. రోడ్డు పక్కన ద్రాక్ష అమ్ముతుంటే ఒక కిలో కొనండి. ఆ డబ్బు నేరుగా వాళ్ల చేతికే వెళ్తుంది.

తరచూ వచ్చే డౌట్లు

పిల్లలను తీసుకెళ్లొచ్చా? చాలా వైనరీల్లో తోట, రెస్టారెంట్ వరకు ఓకే. టేస్టింగ్ రూమ్‌కి రూల్స్ వేరు. బుక్ చేసేటప్పుడు అడగండి.

వైన్ ఎంత పాతదైతే అంత మంచిదా? అన్నీ కాదు. మన దగ్గర దొరికే వైట్ వైన్‌లు చాలావరకు ఏడాది, రెండేళ్లలో తాగేయాల్సినవే. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులే.

రెడ్ వైన్ గుండెకి మంచిదట కదా? ఆ నమ్మకంతో మొదలుపెట్టొద్దు. ఏ కొద్ది మోతాదు ఆల్కహాల్ కూడా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. గర్భిణులు, లివర్ సమస్య ఉన్న వాళ్లు, రోజూ మందులు వాడే వాళ్లు టేస్టింగ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఏ డ్రెస్ వేసుకోవాలి? తోటలో మట్టి ఉంటుంది, హీల్స్ వద్దు. చలికాలం సాయంత్రాలకి స్వెటర్, పగటికి టోపీ.

మొత్తానికి చెప్పేది ఒక్కటే. నాసిక్‌లో గోదారి పుట్టిన చోటు ఉంది, శాతవాహనుల శాసనం ఉంది, ద్రాక్ష తోటలూ ఉన్నాయి. అన్నీ అరగంట, గంట దూరంలోనే. ఈసారి షిర్డీ టికెట్ బుక్ చేసేటప్పుడు ఇంకో రెండు రోజులు కలపండి. డ్రైవర్‌ని కూడా ముందే మాట్లాడుకోండి.

గమనిక: ఈ కథనం పర్యాటక సమాచారం కోసం మాత్రమే. మద్యం సేవించడం ఆరోగ్యానికి హానికరం. మద్యం తాగి వాహనం నడపడం నేరం.